ఎడమ రెప్ప ఎత్తితే కుడి రెప్ప ఎందుకు వాలింది?

వాలిన ఎడమ రెప్పకు ఆపరేషన్ అయింది. వాపు తీసింది, కుట్లు ఊడాయి, కన్ను చక్కగా తెరుచుకుంది. తీరా చూస్తే, ఇన్నాళ్లూ ఏ లోపమూ లేదనుకున్న కుడి రెప్ప కిందికి దిగి ఉంది. ఇంట్లో ఒకరు "డాక్టరు ఎడమ కన్ను మరీ ఎత్తేశాడు" అంటారు. ఇంకొకరు "కుడి కంటికి కూడా అంటుకున్నట్టుంది" అంటారు. చాలాసార్లు ఈ రెండు మాటల్లోనూ నిజం ఉండదు. కుడి రెప్ప మొదటినుంచీ కొద్దిగా వాలే ఉంది. ఎడమ రెప్ప బాగా వాలి ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు, అంతే.

రెప్ప వాలడాన్ని వైద్యులు టోసిస్ అంటారు. దానికి చేసే ఆపరేషన్ తర్వాత రెండు కళ్లూ ఒక ఎత్తుకు రాకపోవడం అరుదేమీ కాదు. చేయి తిరిగిన సర్జన్లకు కూడా కొందరు రోగుల్లో రెండోసారి సరిదిద్దక తప్పదు. కింద ఉన్నదాన్ని ఇంకాస్త ఎత్తితే సరిపోతుందని బయటివాళ్లకు అనిపిస్తుంది. కానీ అసలు ఏ రెప్పను ముట్టుకోవాలో తేల్చుకోవడమే అందులో సగం పని.

పైరెప్పను ఎత్తి పట్టుకునేది ప్రధానంగా లెవేటర్ అనే కండరం. కంటిగూడు వెనక కొసన మొదలై, కనుగుడ్డు మీదుగా ముందుకు వచ్చి, చివర పలుచని తెల్లటి పట్టీగా మారి, రెప్ప లోపలి గట్టి పలకకు అతుక్కుంటుంది. ఆ పట్టీని అపోన్యూరోసిస్ అంటారు. దాని అడుగునే ముల్లర్ కండరమని చిన్నది ఇంకొకటి ఉంది. ఇది మన ఇష్టాయిష్టాలతో పనిలేని సింపథెటిక్ నాడుల చేతిలో నడుస్తుంది. అది ఎత్తగలిగేది 2 మిల్లీమీటర్ల మేరకే. ఉలిక్కిపడినప్పుడు కళ్లు పెద్దవి కావడంలో దాని వాటా ఉంది. వయసు మీద పడ్డాక రెప్పలు వాలడానికి ఎక్కువగా కారణం ఆ పట్టీ సాగడమో, పలక నుంచి ఊడిరావడమో. కండరం మాత్రం బాగానే ఉంటుంది. ఏళ్లతరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు వాడినవాళ్లలోనూ ఇదే జరుగుతుంది. పుట్టుకతో వచ్చే టోసిస్ దారి వేరు. అక్కడ లెవేటరే సరిగా ఎదగదు. కండరం ఉండవలసిన చోట నారపదార్థం, కొవ్వు చేరి ఉంటాయి.

కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. రోగిని తిన్నగా చూడమని టార్చి వేస్తే కంటిపాప నడుమ ఒక వెలుగు చుక్క మెరుస్తుంది. ఆ చుక్క నుంచి పైరెప్ప అంచు దాకా మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు కళ్ల మధ్య ఈ కొలతలో ఒక మిల్లీమీటరు లోపు తేడా ఉంటే రెప్పలు సమంగా ఉన్నట్టే లెక్క. లెవేటర్ సత్తువను చూడటానికి ఇంకో పద్ధతి ఉంది. నుదురు సాయం చేయకుండా కనుబొమను బొటనవేలితో నొక్కి పట్టి, పూర్తిగా కిందికి, ఆపైన పూర్తిగా పైకి చూడమంటారు. ఆరోగ్యంగా ఉన్న రెప్ప ఇంచుమించు 15 మిల్లీమీటర్లు కదులుతుంది. 4 గానీ అంతకంటే తక్కువ గానీ కదిలితే ఆ కండరాన్ని బిగించి పెద్దగా లాభం లేదు. రెప్పను నుదుటి కండరానికి పట్టీతో వేలాడదీయాలి. ఆ పట్టీ తొడ నుంచి తీసిన పొర కావచ్చు, సన్నని సిలికాన్ కడ్డీ కావచ్చు.

ఇక కుడి రెప్ప సంగతి. ఎవాల్డ్ హెరింగ్ అనే జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1868లో రెండు కళ్ల చూపు మీద ఒక పుస్తకం వేశాడు. రెండు కళ్లూ కలిసి కదలడం మనిషి పుట్టాక నేర్చుకునే విద్య అని మరో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ వాదించేవాడు. కాదు, మెదడు రెండు కళ్లకూ కలిపి ఒకే ఆజ్ఞ పంపుతుంది, ఆ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది అని హెరింగ్ వాదం. ఆ రోజుల్లో అది పెద్ద తగవే. హెరింగ్ చెప్పింది కనుగుడ్లను తిప్పే కండరాల గురించి. తర్వాతి కాలపు వైద్యులు అదే సూత్రం రెప్పలకూ వర్తిస్తుందని గమనించారు. వర్తించకుండా ఎలా ఉంటుంది? మెదడు కాండంలో కుడి లెవేటర్‌కు వేరుగా, ఎడమ లెవేటర్‌కు వేరుగా కేంద్రాలు లేవు. నడిమధ్యన ఉన్న ఒకే ఒక్క నాడీకణాల గుంపు రెండింటినీ నడుపుతుంది. జోడెద్దుల బండిలో ఒక ఎద్దు వెనకబడితే తోలేవాడి అదిలింపు రెండింటికీ తగులుతుంది. బాగున్న ఎద్దు ఇంకా ఉరుకుతుంది. రెప్పల విషయంలో జరిగేదీ అదే. ఎడమ రెప్ప కంటిపాపను కప్పేస్తుంటే దాన్ని ఎత్తడానికి మెదడు జోరు పెంచుతుంది. ఆ జోరుకు కుడి రెప్ప తన స్థాయిని మించి లేస్తుంది. ఆపరేషన్‌తో ఎడమ రెప్ప లేచాక అంత జోరు అవసరం ఉండదు, మెదడు తగ్గిస్తుంది. దాంతో కుడి రెప్ప తన అసలు చోటికి దిగుతుంది.

దీన్ని ఆపరేషన్‌కు ముందే పసిగట్టవచ్చు. వాలిన రెప్పను వేలితో ఎత్తి పట్టుకుని రెండో రెప్ప దిగుతుందేమో చూడాలి. ఖర్చు లేని పరీక్ష. లేదా వాలిన కంట్లో ఫినైలెఫ్రిన్ చుక్క వేస్తారు. అది ముల్లర్ కండరాన్ని బిగించి కొద్ది నిమిషాల్లో రెప్పను ఎత్తుతుంది. అప్పుడు అవతలి రెప్ప వాలితే ఒక కంటికే ఆపరేషన్ చేసి పంపడం మంచిది కాదని ముందే తెలిసిపోతుంది. ఎక్కువ వాలిన కన్నే చూపులో పెత్తనం చేసే కన్ను అయితే ఈ ప్రభావం మరింత స్పష్టంగా ఉంటుంది. నా మటుకు, ఈ పరీక్ష చేసి, కనిపించినదాన్ని రోగికి అద్దంలో చూపించి చెప్పడం ఆపరేషన్‌లో భాగమే. ముందు చెబితే అది హెచ్చరిక అవుతుంది. తర్వాత చెబితే ఎంత నిజమైనా సాకులాగే వినపడుతుంది.

అయితే అన్ని తేడాలనూ హెరింగ్ ఖాతాలో వేయలేం. బల్ల మీదే ఎత్తు తప్పడానికి ఎన్నో దారులున్నాయి. పెద్దవాళ్లకు ఈ ఆపరేషన్ సాధారణంగా మెలకువగా ఉంచే చేస్తారు. రెప్పలో ఇచ్చే మత్తు ఇంజక్షన్‌లో రక్తస్రావం తగ్గించడానికి అడ్రినలిన్ కలుపుతారు. ఆ అడ్రినలిన్ ముల్లర్ కండరాన్ని ఉత్తేజపరచి రెప్పను అబద్ధపు ఎత్తుకు లేపుతుంది. మత్తు లోపలికి పాకి లెవేటర్‌ను తాకితే రెప్ప కిందికి జారుతుంది. కళ్లు మూసే కండరం మొద్దుబారితే రెప్ప మళ్లీ పైకి. ఇవి చాలవన్నట్టు సూది పోటుకు వచ్చే వాపు బరువు. ఇన్ని అబద్ధాల మధ్య ఆ గదిలో కనిపించే ఎత్తును చూసి రేపటి ఎత్తును అంచనా వేయాలి. అందుకే సర్జన్లు మందు తక్కువ ఎక్కిస్తారు. తాత్కాలికంగా ఒక కుట్టు వేసి, రోగిని లేపి కూర్చోబెట్టి, "నా ముక్కు వైపు చూడండి" అని రెండు కళ్లనూ పోల్చుకుంటారు. సరిపోకపోతే కుట్టు విప్పి మళ్లీ వేస్తారు.

పసిపిల్లల దగ్గర ఆ వీలు లేదు. వాళ్లను పూర్తి మత్తులో ఉంచి చేయాలి, చూడమని అడగలేం. ముందు కొలిచిన కండర సత్తువే ఆధారం. సత్తువ బాగా ఉన్న రెప్ప ఆపరేషన్ తర్వాత ఇంకాస్త లేస్తుంది కాబట్టి దాన్ని బల్ల మీద కొంచెం దిగువన నిలుపుతారు. సత్తువ లేనిది తర్వాత జారుతుంది కాబట్టి నల్లగుడ్డు పై అంచు దాకా తెస్తారు. లెక్క బాగానే ఉంది గాని, మాంసం లెక్క ప్రకారం మానదు కదా.

రెప్పను ఎత్తే పద్ధతులూ ఎన్నో. జర్మన్ వైద్యుడు ఎవర్స్‌బుష్ 1883లో చర్మం వైపు నుంచి లెవేటర్‌ను కుదించే పద్ధతిని వివరించాడు. రెప్ప లోపలి వైపు నుంచి చేసే ఫసనెల్లా, సర్వాట్ల పద్ధతి 1961లో వచ్చింది. ఫినైలెఫ్రిన్ చుక్కకు బాగా స్పందించే రెప్పల్లో ముల్లర్ కండరాన్ని లోపలి నుంచే కుదించే పద్ధతిని 1975లో పుటర్‌మన్, ఉరిస్ట్ ప్రకటించారు. ఊడిన పట్టీని తిరిగి పలకకు కుట్టే పద్ధతికి జోన్స్ బృందం పేరు తెచ్చింది కూడా ఆ ఏడాదే. పద్ధతులు ఇన్ని పుట్టాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపోలేదనే అర్థం.

పుట్టుకతో టోసిస్ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక సంగతి ముందే తెలియాలి. నారతో గట్టిపడ్డ కండరం సరిగా బిగుసుకోలేదు, సరిగా సడలనూ లేదు. కాబట్టి ఆపరేషన్ ఎంత బాగా చేసినా, తిన్నగా చూసినప్పుడు సమంగా కనిపించే రెప్పలు కిందికి చూసినప్పుడు సమంగా ఉండవు. పుస్తకం చదివేటప్పుడు ఆపరేషన్ అయిన రెప్ప పైనే నిలిచిపోతుంది. నిద్రలో కన్ను కొద్దిగా తెరిచి ఉంటుంది. ఇది సర్జన్ పొరపాటు కాదు. ఆ కండరం తీరే అంత.

నుదుటికి వేలాడదీసిన రెప్పల్లో ఇంకో చిక్కు ఉంది. ఆ రెప్ప లేవాలంటే బిడ్డ కనుబొమ ఎగరేయాలి. ఒక కన్ను శుభ్రంగా కనిపిస్తూ ఉంటే రెండో వైపు కనుబొమ ఎగరేయాల్సిన అవసరమేముంది? అందుకే ఒక వైపే చేస్తే, ఆ కంటికి చూపు మందగించి ఉంటే మరీనూ, రెప్ప వాలే ఉండిపోతుంది. దీనికి క్రోవెల్ బియర్డ్ అనే అమెరికన్ సర్జన్ 1965లో సాహసమైన పరిష్కారం చెప్పాడు. బాగున్న వైపు లెవేటర్‌ను కూడా తీసేసి రెండు రెప్పలనూ నుదుటికే వేలాడదీయమన్నాడు. అప్పుడు రెండూ ఒకే తీరులో లేస్తాయి, వాలతాయి. బాగున్న కండరాన్ని పోగొట్టడానికి చేయి రాని సర్జన్లు తర్వాత దాన్ని మార్చారు. రెండు వైపులా పట్టీ వేసి, మంచి కండరాన్ని మాత్రం అలాగే ఉంచారు. ఈ పిరికి రూపానికి సర్జన్లు పెట్టుకున్న ముద్దుపేరు చికెన్ బియర్డ్. ఏ రూపమైనా, ఏ జబ్బూ లేని కంటి మీద కత్తి పెట్టించడానికి ఏ తల్లీ వెంటనే ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు.

రెప్ప ఎత్తులో తేడా లేకపోయినా ఉన్నట్టు కనిపించే సందర్భాలూ తక్కువేమీ కాదు. మనిషి కన్ను కొలిచేది వెలుగు చుక్క నుంచి అంచు దాకా ఉన్న దూరాన్ని కాదు. వెంట్రుకలకూ రెప్ప మడతకూ మధ్య ఎంత చర్మం కనిపిస్తోందో దాన్ని చూసి చిన్న కన్ను, పెద్ద కన్ను అంటాం. ఒక వైపు మడత 7 మిల్లీమీటర్ల దగ్గర, ఇంకో వైపు 10 దగ్గర ఉంటే అంచులు ఒకే ఎత్తులో ఉన్నా ముఖం వంకరగా తోస్తుంది. అప్పుడు సరిచేయవలసింది మడతను గాని లెవేటర్‌ను కాదు. అలవాటు కొద్దీ ఒక కనుబొమ ఇంకా ఎగిరే ఉండవచ్చు. మెల్లకన్ను వల్ల గుడ్డు కిందికి తిరిగి ఉంటే రెప్ప దాని వెంటే దిగుతుంది. థైరాయిడ్ జబ్బులో ఒక కన్ను ముందుకు పొడుచుకు వస్తే రెండోది వాలినట్టు అనిపిస్తుంది. పొడికన్ను మంటకు రెప్ప సగం మూసుకోవడం కూడా మామూలే. రెండో ఆపరేషన్ చేసేముందు వీటన్నిటినీ ఒక్కొక్కటిగా తోసిపుచ్చాలి.

కొన్ని తేడాలు కావాలని ఉంచినవి. మనం కళ్లు మూసుకున్నప్పుడు గుడ్డు పైకి దొర్లుతుంది. రెప్ప పూర్తిగా మూసుకోకపోయినా నల్లగుడ్డు దాని చాటున క్షేమంగా ఉంటుంది. దీన్ని బెల్ లక్షణం అంటారు. ఇది లేనివాళ్లకు, కన్నీరు తక్కువ ఉన్నవాళ్లకు, మూడో కపాలనాడి చచ్చుబడ్డవాళ్లకు రెప్పను పూర్తిగా ఎత్తితే రాత్రంతా నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడవచ్చు. అందుకే తెలిసిన సర్జన్ కంటిపాప కనిపించేంత ఎత్తి ఆపేస్తాడు. అందం కొంత తగ్గుతుంది, చూపు నిలుస్తుంది. ఆ సర్జన్‌ను తిట్టుకోకూడదు.

సరే, నిజంగానే తేడా ఉంది, సరిచేయాలి. ఎప్పుడు? రెండు అదనులున్నాయి. మొదటిది ఆపరేషన్ అయిన మొదటి వారం, మహా అయితే రెండో వారం. తేడా కొట్టొచ్చినట్టు ఉండి, అది వాపు వల్ల కాదని తేలితే అప్పుడే గాయం తెరుస్తారు. మచ్చ ఇంకా గట్టిపడి ఉండదు, పొరలు కత్తి లేకుండానే విడివడతాయి, కుట్టు ఒకటి వదులు చేసో బిగించో పంపేస్తారు. ఆ సమయం దాటితే ఓపిక పట్టవలసిందే. సాధారణంగా కనీసం 3 నెలలు, కొన్నిసార్లు 6 నెలలు. ఈలోగా మచ్చ ఎర్రగా, గట్టిగా ఉంటుంది, కదిలిస్తే ఎటు మానుతుందో చెప్పలేం. పెళ్లిచూపులో, ఉద్యోగం ఇంటర్వ్యూనో ముంచుకొస్తోందని నెలన్నరకే సర్జన్ మీద ఒత్తిడి తెచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెప్ప ఎక్కువ లేచి ఉంటే మొదటి వారాల్లో మర్దనతోనే కొంత దిగుతుంది. కిందికి చూస్తూ రెప్పను మెల్లగా కిందికి లాగడం. ఇది సర్జన్ చెప్పిన రోజు నుంచి, చెప్పిన తీరులోనే చేయాలి. వీడియో చూసి మొదలుపెడితే మంచి కుట్టు కూడా ఊడవచ్చు. అప్పటికీ దిగకపోతే మచ్చను విడదీసి లెవేటర్‌ను వెనక్కి జరుపుతారు. బాగా ఎక్కువ లేచి ఉంటే మధ్యలో అతుకు పొర ఒకటి వేయాల్సి రావచ్చు. తక్కువ లేచి ఉంటే పట్టీని మళ్లీ ముందుకు తెచ్చి కుడతారు. తేడా కొద్దిపాటిదై, ఫినైలెఫ్రిన్ చుక్కకు రెప్ప లేస్తుంటే లోపలి నుంచి ముల్లర్ కండరాన్ని కుదిస్తే చాలు, బయట ఇంకో గాటు ఉండదు. ఎత్తు సరిపోయి వంపు చెడినప్పుడు పని ఇంకా సున్నితం. పైరెప్ప వంపు శిఖరం మామూలుగా కంటిపాప నడుమ నుంచి కాస్త ముక్కు వైపుకు ఉంటుంది. కుట్టు చెవి వైపు జరిగితే కోణం లేచినట్టు కనిపిస్తుంది. అప్పుడు రెప్ప మొత్తాన్ని కదపకుండా ఆ ఒక్క కుట్టు చోటునే మారుస్తారు. మొదట్లో చెప్పిన కుడి రెప్ప వంటివాటికి చికిత్స కుడి రెప్పకే. దాన్ని ఎత్తాలి గాని, బాగా కుదిరిన ఎడమ రెప్పను దించితే ఉన్నది కూడా చెడుతుంది.

కత్తి లేని దారి ఒకటి ఈ మధ్య తెరుచుకుంది. పెద్దవాళ్లలో వయసుతోనో మరో కారణంగానో వచ్చిన టోసిస్‌కు ఆక్సీమెటజోలిన్ 0.1 శాతం కంటి చుక్కలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జులైలో అనుమతించింది. అవి ముల్లర్ కండరాన్ని బిగిస్తాయి, సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తు ఇస్తాయి, కొన్ని గంటల్లో ప్రభావం తగ్గిపోతుంది. ముక్కుదిబ్బడకు మందుల షాపులో దొరికే ఆక్సీమెటజోలిన్‌ను కంట్లో వేసుకునే తెలివి మాత్రం ఎవరికీ వద్దు.

కొన్ని తేడాలకు 3 నెలల ఓపిక పనికిరాదు. కన్ను మూసుకోక, ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతుంటే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. రెప్ప కొత్తగా వాలడంతోపాటు ఒక వస్తువు రెండుగా కనిపించినా, ఆ వైపు కంటిపాప పెద్దదైనా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అది రెప్పకు సంబంధించిన సమస్య కాకపోవచ్చు. మెదడు రక్తనాళంలో ఉబ్బు మూడో నాడిని నొక్కుతున్నప్పుడు అలా జరుగుతుంది, అది అత్యవసరం. పొద్దున్న బాగుండి సాయంత్రానికి వాలే రెప్ప, ఒక వారం కుడి, ఒక వారం ఎడమ వాలే రెప్ప మయస్థీనియా గ్రేవిస్ కావచ్చు. మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐసు పెడితే లేచి నిలవడం దాని ఆనవాళ్లలో ఒకటి. ఆ జబ్బును కనిపెట్టకుండా రెప్ప మీద ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేస్తే ఎత్తు ఎప్పటికీ కుదరదు.

ఈ పనిలో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లను ఆక్యులోప్లాస్టిక్ సర్జన్లు అంటారు. వీళ్ల కోసం మనవాళ్లు దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఈ విభాగం ప్రత్యేకంగా ఉంది. ఒక మిల్లీమీటరు లోపు తేడాకు రెండో ఆపరేషన్ నష్టపు బేరమే అని నా అభిప్రాయం. అంతకు మించితే వెళ్లండి. వెళ్లేటప్పుడు సెల్ఫీలు కాకుండా ఆపరేషన్‌కు ముందు ఇతరులు ఎదురుగా నిలబడి తీసిన పాత ఫొటోలు, మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితాలు వెంట ఉంచుకోండి. ఏ కండరాన్ని, ఏ వైపు నుంచి, ఎంత కుదించారో ఆ కాగితంలో లేకపోతే చేసిన ఆసుపత్రిని అడిగి రాయించుకోండి. అడిగే హక్కు రోగికి ఉంది.